కండలో ఎముక కట్టే గడ్డ: యూఎస్‌పీ6 పరీక్ష ఎప్పుడు, ఎలా చేయించాలి

కండలోనో వేలి చర్మం కిందో పెరిగిన గడ్డలో కొత్త ఎముక తయారవుతోందని బయాప్సీలో తేలగానే అందరి మనసులోకీ ముందు వచ్చే మాట ఆస్టియోసార్కోమా, అంటే ఎముక తయారుచేసే క్యాన్సర్. ఆ అనుమానంతో అవసరం లేని పెద్ద ఆపరేషన్లు జరిగాయి, వేళ్లు తీసేసిన సందర్భాలూ ఉన్నాయి. నిజానికి ఎముకతో సంబంధం లేకుండా కండలో పుట్టే ఆస్టియోసార్కోమా చాలా అరుదు. అది సాధారణంగా నలభై, యాభై దాటినవాళ్లలో కనిపిస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్ల వాళ్ల తొడలోనో పిరుదులోనో జబ్బలోనో కొద్ది వారాల్లో లేచిన గడ్డ అయితే ముందు ఆలోచించాల్సింది మయోసైటిస్ ఆసిఫికాన్స్, అంటే కండలో ఎముక కట్టే గడ్డ. వేలి మీద అయితే దాని తోబుట్టువైన ఫైబ్రో-ఆసియస్ సూడోట్యూమర్. రెండూ హానిలేనివే. 2020లో వచ్చిన డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ ఈ రెంటినీ ఒకే పద్దు కింద పెట్టింది. రెంటిలోనూ ఎక్కువ గడ్డల్లో దొరికే జన్యు మార్పు ఒకటే: కోల్1ఏ1, యూఎస్‌పీ6 జన్యువులు అతుక్కోవడం.

యూఎస్‌పీ6 పదిహేడో క్రోమోజోము పొట్టి చేతి మీద, 17పీ13 దగ్గర ఉంటుంది. వృషణాల్లో తప్ప మిగతా కణజాలాల్లో ఇది దాదాపు మూగగానే ఉంటుంది. కోల్1ఏ1 అదే క్రోమోజోము పొడుగు చేతి మీది కొల్లాజెన్ జన్యువు. ఫైబ్రోబ్లాస్టుల్లో (పీచు కణజాలాన్ని తయారుచేసే కణాలు) దీని ప్రమోటర్ (జన్యువును పనిచేయించే మీట) ఎప్పుడూ గట్టిగా పనిచేస్తూనే ఉంటుంది. క్రోమోజోము తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు ఆ ప్రమోటర్ యూఎస్‌పీ6 ముందు వచ్చి చేరితే, మూగ జన్యువు పూర్తి స్థాయిలో పలుకుతుంది. కొత్త రకం ప్రొటీన్ ఏదీ పుట్టదు, ఉన్న ప్రొటీనే మోతాదు మించి తయారవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ పరీక్ష పనికొస్తుందో, ఏది తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది. ఇదే యూఎస్‌పీ6 మార్పు 2004లో అనూరిస్మల్ బోన్ సిస్ట్‌లోనూ (ఎముకలో రక్తం నిండిన తిత్తి) 2011లో నోడ్యులర్ ఫాసియైటిస్‌లోనూ (త్వరగా పెరిగే హానిలేని మెత్తని గడ్డ) బయటపడింది. మొదటిదానిలో జత జన్యువుగా ఎక్కువగా సీడీహెచ్11, రెండోదానిలో ఎంవైహెచ్9 వస్తాయి.

సూది కన్నా ముందు

ఏ వయసువారైనా సరే, గడ్డ మీద చెయ్యి వేసే ముందు రెండు కాళ్ల బొటనవేళ్లు చూడండి. ముఖ్యంగా పిల్లల్లో. పుట్టుకతోనే బొటనవేళ్లు పొట్టిగా ఉండి పక్క వేళ్ల వైపు ఒరిగి ఉంటే, వీపు మీదో మెడ మీదో గడ్డలు లేస్తూ ఉంటే, అది కండలు క్రమంగా ఎముకగా మారే జన్యు జబ్బు, ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా కావచ్చు. ఇందులో బయాప్సీ చేస్తే మేలు జరగకపోగా, సూది గుచ్చిన చోటే కొత్త ఎముక కట్టి ఆ కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. కండలోకి ఇచ్చే ఇంజక్షన్లు కూడా వద్దు. ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి ఏసీవీఆర్1 జన్యువు సీక్వెన్సింగ్‌కి పంపండి. దాదాపు అందరిలోనూ ఒకే మార్పు ఉంటుంది: డీఎన్‌ఏలో 617వ స్థానంలో జీ బదులు ఏ, ప్రొటీన్‌లో 206వ ఆర్జినిన్ బదులు హిస్టిడిన్. 2006లో దీన్ని కనిపెట్టారు. ఈ జబ్బు పది, ఇరవై లక్షల మందిలో ఒకరికి వచ్చేదే. అయినా బొటనవేళ్లు చూడటానికి అర నిమిషం పట్టదు, చూడకపోతే జరిగే నష్టాన్ని పూడ్చలేం. అనుమానం వస్తే హైదరాబాద్‌లోని నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం లాంటి చోటికి పంపండి, బయాప్సీ గదికి కాదు.

బొటనవేళ్లు మామూలుగా ఉంటే చరిత్ర అడగండి. దెబ్బ తగిలిందా, ఎన్ని వారాలైంది, నొప్పి ఉన్నచోట నూనెతో గట్టిగా మర్దన చేయించారా, పట్టీ కట్టించారా? మయోసైటిస్ ఆసిఫికాన్స్ వచ్చినవారిలో చాలామందికి దెబ్బ గుర్తుండదు, కాబట్టి దెబ్బ లేదన్నంత మాత్రాన దీన్ని పక్కన పెట్టొద్దు.

తర్వాత ఎక్స్‌రే. మొదటి రెండు మూడు వారాల్లో అందులో ఏమీ కనబడదు. ఆ తర్వాత పొగమంచులాంటి సున్నం మచ్చలు వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా గడ్డ అంచు చుట్టూ గుడ్డు పెంకులాగా ఎముక కట్టి, నడిమధ్య ఖాళీగా కనిపిస్తుంది. ఈ అంచు బాగా తెలిసేది సీటీలో. ఎమ్మారై ఒక్కటే చేయిస్తే కండ అంతా వాపుతో మెరుస్తూ, కాంట్రాస్ట్ బాగా పట్టి, సార్కోమాలానో (కండ, ఎముకల్లాంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్) చీముగడ్డలానో కనబడుతుంది. తొలి వారాల్లో జరిగే పొరపాట్లలో పెద్ద భాగం ఇక్కడే మొదలవుతుంది.

సీటీలో అంచు స్పష్టంగా ఉంటే, రోగి యువకుడైతే, కథ సరిపోతే బయాప్సీయే అక్కర్లేదు. మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ ఫిల్మ్ తీయండి. అంచు మరింత గట్టిపడి, గడ్డ పెరగడం ఆగితే నిర్ధారణ అయినట్టే. ప్రతి గడ్డకూ జన్యు పరీక్ష చేయించాలని మేం చెప్పం. బొమ్మ అస్పష్టంగా ఉన్నప్పుడు, వయసు లేదా చోటు సరిపోనప్పుడు, స్లైడ్ మీద కణాలు భయపెట్టినప్పుడు అది కావాలి.

బయాప్సీ తీసేటప్పుడు ఒక కోర్ పక్కన పెట్టండి

బయాప్సీ తప్పదనుకుంటే సూది దారి ఎటు వెళ్లాలో ముందే తేల్చాలి. ఒకవేళ అది నిజంగా సార్కోమా అయితే ఆపరేషన్ చేయబోయే సర్జనే ఆ దారి చెప్పాలి. సూది అంచు నుంచి మధ్యకు వెళ్లేలా, గడ్డ వ్యాసం వెంట తీయండి. కనీసం మూడు నాలుగు కోర్లు (సూదితో తీసే సన్నని ముక్కలు) కావాలి. మధ్య భాగం ఒక్కటే తీస్తే పాథాలజిస్టు ముందుకు వచ్చేది విచ్చలవిడిగా విభజన చెందే కణాల గుంపు. అంచు ఒక్కటే తీస్తే వచ్చేది మామూలు ఎముక. పొరల క్రమం కనబడాలంటే రెండూ ఒకే కోర్‌లో ఉండాలి.

జన్యు పరీక్ష విషయంలో మొత్తం ఫలితాన్ని నిర్ణయించే పని ఈ దశలోనే ఉంది. కోర్లను తెల్లకాగితం మీద పరిచి చూడండి. కొన్ని తెల్లగా, గరుకుగా, ఫోర్సెప్స్ తగిలితే టిక్కుమంటాయి, అవి ఎముక. ఒకటో రెండో లేత గులాబీ రంగులో, మెత్తగా, వేలితో నొక్కితే విడిపోయేలా ఉంటాయి. ఆ మెత్తని కోర్‌లోనే యూఎస్‌పీ6 మార్పు ఉన్న కదురు ఆకారపు కణాలు దండిగా ఉంటాయి. దాన్ని వేరే డబ్బాలో వేసి, డబ్బా మీద 'డీకాల్ చేయొద్దు, జన్యు పరీక్షకు' అని పెద్ద అక్షరాలతో రాయండి. డీకాల్ అంటే ఎముక నుంచి సున్నం తీయడం. ఆ కోర్ ఒక్క సెంటీమీటరు ఉన్నా చాలు.

ఫార్మలిన్ పది శాతం న్యూట్రల్ బఫర్డ్ అయి ఉండాలి. తీసిన ముక్క గంటలోపే అందులో పడాలి. ఫార్మలిన్ ముక్కకు పది రెట్లు ఉండాలి. కోర్లకు ఒక రోజు చాలు, పెద్ద ముక్కలైతే మూడు నాలుగు మిల్లీమీటర్ల పలకలుగా కోసి రెండు రోజులు ఉంచండి. మూడు రోజులు దాటితే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోవడం మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం తీసిన బయాప్సీలు సోమవారం మధ్యాహ్నం దాకా ఫార్మలిన్‌లోనే కూర్చోవడం మామూలే, అది ముందే ఆలోచించుకోవాలి.

ఎముక నుంచి సున్నం తీసే పని

మంచి ముక్క పంపినా ఫలితం రాకపోవడానికి మొదటి కారణం డీకాల్సిఫికేషన్ ద్రావణమే. నైట్రిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొన్ని గంటల్లో ఎముకను మెత్తబరుస్తాయి, అంతే వేగంగా డీఎన్‌ఏను, ఆర్‌ఎన్‌ఏను తినేస్తాయి. హెచ్ అండ్ ఈ స్లైడ్ (మామూలు రంగులు వేసినది) చూడటానికి బాగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఫిష్ (మెరిసే ప్రోబులతో జన్యువు చోటును చూపే పరీక్ష) చేస్తే మాత్రం కేంద్రకాలు చీకటిగా ఉండి సిగ్నలే వెలగదు. ఫార్మిక్ ఆమ్లం కొంత నయం, అయినా గంటలు పెరిగేకొద్దీ ఆర్‌ఎన్‌ఏ పోతుంది.

వాడాల్సింది కాల్షియాన్ని మెల్లగా లాగేసే ఈడీటీఏ. పది నుంచి పద్నాలుగు శాతం ద్రావణం, పీహెచ్ 7.2కీ 7.4కీ మధ్య. సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్ సరిచేస్తేగాని ఈడీటీఏ పొడి పూర్తిగా కరగదు. పీహెచ్ కొలవకుండా కలిపిన ద్రావణం పనిచేయకపోవడానికి ఇదే కారణం. ముక్కకు ఇరవై రెట్లు ద్రావణం పోసి, రోజు మార్చి రోజు కొత్తది పోయండి. నెమ్మదిగా కదిలించే రోటేటర్ మీద ఉంచితే పని త్వరగా అవుతుంది. సన్నని కోర్లకు ఒకటి నుంచి మూడు రోజులు, ఐదు మిల్లీమీటర్ల గట్టి ముక్కకు వారం పైన పడుతుంది. అయిపోయిందో లేదో తెలియడానికి సూదితో గుచ్చి ముక్క పాడు చేయకండి, చిన్న ఎక్స్‌రే తీస్తే చాలు. సర్జన్ రిపోర్టు కోసం తొందరపెడితే మెత్తని కోర్ రిపోర్టు ముందు ఇచ్చి, గట్టి కోర్లు తర్వాత వస్తాయని చెప్పండి. తొందరకి ఆమ్లంలో వేసిన ముక్క మళ్లీ రాదు.

సూక్ష్మదర్శిని కింద

మయోసైటిస్ ఆసిఫికాన్స్ మధ్యలో చూస్తే నోడ్యులర్ ఫాసియైటిస్ స్లైడ్ చూస్తున్నట్టే ఉంటుంది. పలచని మిక్సాయిడ్ (జిగురులాంటి) నేపథ్యంలో కదురు ఆకారపు కణాలు, కారిపోయిన ఎర్ర రక్తకణాలు, చాలా కణ విభజనలు. బయటకు జరిగేకొద్దీ ఆ కణాల మధ్యే ఆస్టియాయిడ్ (ఇంకా సున్నం పట్టని ఎముక) గీతలు, తర్వాత అల్లిక ఎముక, అంచున ఆస్టియోబ్లాస్టులు (ఎముక కట్టే కణాలు) వరసగా పేర్చిన పక్వ ఎముక. సార్కోమాలో ఇదే క్రమం తలకిందులవుతుంది: ఎముక మధ్యలో, అసలు ప్రమాదకర కణాలు అంచున. కణ విభజనల సంఖ్య చూసి భయపడొద్దు, వాటి ఆకారం చూడండి. మూడు వైపులా చీలిన అసహజ విభజన, వికారమైన పెద్ద కేంద్రకాలు కనబడితే జన్యు పరీక్ష ఏం చెప్పినా ఆగి ఆలోచించాలి.

వేలి సూడోట్యూమర్‌లో ఈ పొరల క్రమం సరిగా ఉండదు. ఎముక గుంపులు గుంపులుగా చెదిరి ఉంటుంది, అంచు కూడా స్పష్టంగా ఉండదు. పాథాలజిస్టును ఎక్కువగా బెదరగొట్టేది ఇదే, యూఎస్‌పీ6 పరీక్ష ఎక్కువగా కాపాడేదీ ఇక్కడే.

శాట్‌బీ2 ప్రొటీన్‌కు రంగు వేసి నిర్ధారణ చేయాలని చూడకండి. ఆస్టియోబ్లాస్టు స్వభావం ఉన్న కణం మంచిదైనా చెడ్డదైనా అది పాజిటివే. ఎండీఎం2, సీడీకే4 ప్రొటీన్ల రంగులు మాత్రం వేయించండి. అవి గట్టిగా పాజిటివ్ అయితే ఎముక కట్టే డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా (కొవ్వు కణజాల క్యాన్సర్) గురించి, పక్క ఎముకకు ఆనుకొని ఉంటే పారోస్టియల్ ఆస్టియోసార్కోమా (ఎముక ఉపరితలం మీద పుట్టే క్యాన్సర్) గురించి ఆలోచించాలి. అప్పుడు 12క్యూ15 వద్ద ఎండీఎం2 ఆంప్లిఫికేషన్‌కి (జన్యువు ప్రతులు పెరగడం) ఫిష్ చేయించాలి.

ఫిష్ చేయించాలా, ఆర్‌ఎన్‌ఏ పరీక్షా?

మా అభిప్రాయంలో మొదట యూఎస్‌పీ6 బ్రేక్-అపార్ట్ ఫిష్, అంటే జన్యువు తెగితే దాని రెండు వైపుల రంగు సిగ్నళ్లు విడిపోయి కనిపించే పరీక్ష. తక్కువ కణజాలం చాలు, రెండు మూడు రోజుల్లో ఫలితం వస్తుంది, జత జన్యువు ఏదైనా పట్టుకుంటుంది. నాలుగు మైక్రాన్ల సెక్షన్లు, చార్జ్ ఉన్న స్లైడ్ల మీద నాలుగు. పక్కన హెచ్ అండ్ ఈ స్లైడ్ మీద కదురు కణాలున్న చోటును మార్కర్‌తో చుట్టి పంపండి. ఇది చేయకపోతే ల్యాబ్ టెక్నీషియన్ ఎముక చుట్టూ ఉన్న ఆస్టియోబ్లాస్టులను, వాపు కణాలను లెక్కపెట్టి నెగెటివ్ రాస్తారు. అనూరిస్మల్ బోన్ సిస్ట్‌లో స్పష్టంగా తేలినట్టు, జన్యు మార్పు కదురు కణాల్లోనే ఉంటుంది, పక్కనున్న వాటిలో ఉండదు.

కనీసం వంద కేంద్రకాలు లెక్కించాలి. ఎరుపు, ఆకుపచ్చ సిగ్నళ్లు రెండు సిగ్నళ్ల వెడల్పు కన్నా ఎక్కువ దూరం జరిగితేనే విడిపోయినట్టు. ఎంత శాతం దాటితే పాజిటివ్ అనే గీతను ప్రతి ల్యాబ్ తన సొంత మామూలు కణజాలంతో నిర్ణయించుకోవాలి. చాలా చోట్ల అది పది, ఇరవై శాతాల మధ్య ఉంటుంది. ఎముక, కొల్లాజెన్ తమంత తామే ఆకుపచ్చగా మెరుస్తాయి కాబట్టి ఎముకకు ఆనుకున్న కేంద్రకాలను లెక్కలోకి తీసుకోకండి. పెప్సిన్ ఎక్కువసేపు ఉంచితే కేంద్రకాలు డొల్లగా మారతాయి. తక్కువసేపు ఉంచితే ప్రోబ్ లోపలికి వెళ్లదు. ఈడీటీఏలో ఉన్న ముక్కకూ లేని ముక్కకూ ఈ సమయం వేరువేరుగా సరిచూసుకోవాలి.

కోల్1ఏ1 బ్రేక్-అపార్ట్ ఒక్కటే చేయించొద్దు. డెర్మటోఫైబ్రోసార్కోమా అనే చర్మపు గడ్డలో కూడా కోల్1ఏ1 తెగుతుంది, అక్కడ జత పీడీజీఎఫ్‌బీ. అలాగే కోల్1ఏ1, యూఎస్‌పీ6 జతకు మాత్రమే ప్రైమర్లు (వెతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టిన ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏలో ఒక వరసను వెతికే పరీక్ష) నెగెటివ్ వస్తే వేరే జత ఉందేమో తెలియదు.

ఫిష్ తేల్చనప్పుడు, జత ఏదో కావాలనుకున్నప్పుడు ఆర్‌ఎన్‌ఏ ఫ్యూజన్ ప్యానెల్ (అతుక్కున్న జన్యువులను వెతికే పరీక్ష) చేయించండి. పది మైక్రాన్ల సెక్షన్లు ఐదు నుంచి పది, కొత్త బ్లేడుతో కోసి, ఆర్‌ఎన్‌ఏస్ లేని ట్యూబులో. పంపే ముందు ల్యాబును మూడు ప్రశ్నలు అడగండి. యూఎస్‌పీ6 జాబితాలో ఉందా? ప్రైమర్లు దాని మొదటి ఎక్సాన్ల (ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు భాగాలు) నుంచి ముందు వైపుకు వెళ్తాయా? ఫ్రేమ్ (జన్యు అక్షరాలను మూడేసిగా చదివే క్రమం) కలవని ఫ్యూజన్లను సాఫ్ట్‌వేర్ వడగట్టేస్తుందా? మూడోది చాలామందికి తట్టదు. ముందే చెప్పినట్టు ఇక్కడ జరిగేది ప్రమోటర్ మార్పిడి. కోల్1ఏ1 మొదటి ఎక్సాన్ వచ్చి యూఎస్‌పీ6లో ప్రొటీన్‌గా మారని మొదటి ఎక్సాన్లకు అతుక్కుంటుంది. ఫ్రేమ్ అనే మాటే ఇక్కడ వర్తించదు. దాన్ని పనికిరాని ఫ్యూజన్‌గా లెక్కేసి సాఫ్ట్‌వేర్ తీసేస్తే రిపోర్టులో ఏమీ ఉండదు. అప్పుడు వడపోతకు ముందున్న ముడి జాబితాను మళ్లీ చూడమని అడగాలి. యూఎస్‌పీ6 వరసలో కొంత భాగం టీబీసీ1డీ3, యూఎస్‌పీ32 జన్యువులను పోలి ఉంటుంది కాబట్టి రీడ్లు (యంత్రం చదివిన వరస ముక్కలు) తప్పు చోట అతుక్కునే అవకాశం కూడా ఉంది. డీఎన్‌ఏ మీద మాత్రమే పనిచేసే మామూలు క్యాన్సర్ ప్యానెళ్లు ఈ మార్పును తరచుగా వదిలేస్తాయి, తెగిన చోట్లు వాటి పరిధిలో ఉండవు.

బ్లాకు ఇంకో ఊరి ల్యాబుకు బంధువుల చేత పంపాల్సి వస్తే ఎండాకాలంలో జాగ్రత్త. పారఫిన్ దాదాపు 56 నుంచి 60 డిగ్రీలకు కరుగుతుంది. మూసిన కారులో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన బ్లాకు మెత్తబడి, ముక్క కదిలిపోవచ్చు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది మధ్య పెట్టి, చేతిసంచీలో తీసుకెళ్లమని చెప్పండి.

ఫలితం వచ్చాక

పాజిటివ్ వచ్చి, సీటీలో అంచు, స్లైడ్‌లో పొరల క్రమం కూడా కుదిరితే హానిలేనిదని నిశ్చింతగా రాయండి. రిపోర్టులో ప్రోబ్ పేరు, లెక్కించిన కేంద్రకాల సంఖ్య, విడిపోయిన శాతం, ఆ ల్యాబు గీత ఎంతో కూడా ఉండాలి. పాజిటివ్ వచ్చినా కణాల్లో వికారం స్పష్టంగా ఉంటే పెద్ద కేంద్రంలోని సార్కోమా పాథాలజిస్టుకు బ్లాకు పంపండి, ఒక్క జన్యువు మీద మొత్తం భారం వేయొద్దు.

నెగెటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఈ మాట సర్జన్‌కు రాతపూర్వకంగా చెప్పండి. మొదట పరీక్ష నిజంగా జరిగిందో లేదో చూడండి: ఫిష్‌లో పక్క కణాల సిగ్నళ్లు వెలిగాయా, ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో కంట్రోల్ జన్యువులు వచ్చాయా? రాకపోతే అది నెగెటివ్ కాదు, విఫలమైన పరీక్ష. రెండు నెలలు దాటి పక్వమైన గడ్డలో కదురు కణాలు తగ్గిపోయి ఉంటాయి, వాటిలో మార్పు దొరక్కపోవడం సహజం. వెన్నుపాము దెబ్బ తర్వాతో తుంటి మార్పిడి తర్వాతో కట్టే హెటెరోటాపిక్ (ఉండకూడని చోటి) ఎముకలో ఈ మార్పు ఉంటుందని ఆశించకూడదు.

అప్పుడు మిగిలిన రకాలు చూడండి. చర్మం కింద చాలా ఏళ్లుగా ఉన్న గడ్డకు అంచున ఎముక పెంకు ఉండి, ఎస్100 ప్రొటీన్ రంగు పాజిటివ్ అయితే ఆసిఫయింగ్ ఫైబ్రోమిక్సాయిడ్ ట్యూమర్, దానికి పీహెచ్‌ఎఫ్1 ఫిష్. ఇది మళ్లీ మొలవగలదు, కాబట్టి పూర్తిగా హానిలేనిదని రాయకండి. మృదులాస్థి ఉన్న సున్నపు గడ్డ అయితే ఎఫ్ఎన్1 ఫ్యూజన్లు. పసిపిల్లల చర్మంలోనే ఎముక కట్టడం మొదలై లోపలికి దిగుతుంటే జీఎన్‌ఏఎస్ జన్యువు, దానితో పాటు రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను).

ఏదీ తేలకపోతే, కణాల్లో వికారం లేకపోతే, మూడు నాలుగు వారాల్లో సీటీ మళ్లీ తీయండి. ఆ వ్యవధిలో మయోసైటిస్ ఆసిఫికాన్స్ గట్టిపడుతుంది, సార్కోమా పెరుగుతుంది. కీమోథెరపీ గాని, అవయవం తీసే ఆపరేషన్ గాని ఈ సీటీ చూడకముందు మొదలుపెట్టకూడదు.

కుటుంబం అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: ఇది పిల్లలకు వస్తుందా? యూఎస్‌పీ6 మార్పు గడ్డలోని కణాల్లోనే ఉంటుంది, రక్తంలో ఉండదు, వంశంలో దిగదు, బంధువులకు పరీక్ష అక్కర్లేదు. ఏసీవీఆర్1 వేరు. అది ఎక్కువగా కొత్తగానే పుడుతుంది గాని, ఆ మార్పు ఉన్న వ్యక్తి నుంచి ప్రతి బిడ్డకూ వెళ్లే అవకాశం సగం. జీఎన్‌ఏఎస్ విషయంలో మార్పు తండ్రి నుంచి వచ్చిందా తల్లి నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి జబ్బు రూపం మారుతుంది. ఈ రెంటికీ రిపోర్టు చేతికిచ్చే రోజే జన్యు కౌన్సెలింగ్‌కి తేదీ ఇప్పించండి.